నీలగిరి అడవిలో సాంచాల సైగ

ఉదయం ఐదింటికి సిరిసిల్లలో హైదరాబాదు బస్సెక్కాం, నేనూ మా రాజయ్య బావా. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో, అంటే మరమగ్గాల మధ్య, పనిచేసి బావకు చెవుడొచ్చింది. ఆ మాట చెప్పుకోవడం ఆయనకు నామోషీ. ఎవరేమడిగినా నవ్వి ఊరుకుంటాడు. పోనుపోను నలుగురిలోకి రావడమే మానేశాడు. నేను కోరుట్లలో బడిపంతులును, పిట్టల పిచ్చివాణ్ణి. నీలగిరి కొండల చిన్న నీలిపిట్ట ఫొటో చూపిస్తే, "గీ రంగు నూలు నేనెన్నడు జూల్లే. నేను గూడ నీతోని అత్త" అన్నాడు. అంతకన్నా కావలసిందేముంది?

మధ్యాహ్నం సికింద్రాబాదులో రైలు, మర్నాడు ఎనిమిదిన్నరకు కోయంబత్తూరు. ఇడ్లీ తిని ఊటీ బస్సెక్కాం. ఊటీ దాటాక ఒక పల్లెలో గది దొరికింది. వెళ్లేవాళ్లు స్వెట్టరుతో పాటు జలగలకు కాస్త ఉప్పు కూడా మూటగట్టుకోండి.

తెల్లారి ఆరింటికి మబ్బు కమ్మిన అడవిలోకి దిగాం. చెట్ల మొదళ్లనిండా నాచు. గైడు సెల్వం మెల్లగా ఒక పొదవైపు వేలు చూపించాడు.

"యాడుంది?" అన్నాడు బావ గట్టిగా. సాంచాల మనిషి గొంతు ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పిట్ట తుర్రుమంది. "రేపు మీరొక్కరే రండి" అన్నాడు సెల్వం నాతో, వచ్చీరాని తెలుగులో. బావ మా ముఖాలు చూసి విషయం గ్రహించాడు.

"నువ్వు పో బామ్మర్ది. నేను రూముల ఉంట."

నా ప్రాణం ఉసూరుమంది. గదిలో కూర్చున్నాక గుర్తొచ్చింది. బడిలో చేరకముందు నేనూ ఆరేళ్లు బావ మరమగ్గాల షెడ్డులోనే పనిచేశాను. ఆ మోతలో నోటిమాట ఎవరికీ వినపడదు కనుక అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. బావ ఎదుట నిలబడి సైగ చేశాను, రేపు నీ నోటికి సెలవు అని. బావ నవ్వాడు. సెల్వాన్ని బతిమాలి ఒప్పించాను.

రెండో రోజు గంటసేపు మా నోట మాట లేదు, కబుర్లు మాత్రం ఆగలేదు. ఏడుంబావుకు బావ రెండు వేళ్లు దగ్గరపట్టి, గడ్డం ఎడమవైపు విసిరాడు. మా షెడ్డులో దానర్థం, అక్కడ పోగు తెగిందని. వేల పోగుల్లో తెగిన ఒక్కదాన్ని పట్టే కళ్లవి. అటు చూస్తే నాచు పట్టిన వేరు మీద పిడికెడంత నీలిపిట్ట. సెల్వం కూడా అప్పటికింకా చూడలేదు. పిట్ట పాట అందుకుంది. ఎట్ల పాడుతుందని బావ సైగతో అడిగాడు. ఆ రాగం ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో గాలిలో వేలితో గీసి చూపించాను.

తిరుగు రైల్లో ఎదుటి సీటు జగిత్యాల పెద్దాయన ఎక్కడికెళ్లొస్తున్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బావ ముందుకు వంగాడు.

"నాకు చెవులు ఇనరావు సారూ. జర నా మొకం జూసి చెప్పున్రి."

ఆయన నవ్వి, నిదానంగా మళ్లీ అడిగాడు. బావ బోగీ అంతటికీ వినపడేలా మొదలుపెట్టాడు. రెండు గంటలు గడిచినా బావ కథ ఇంకా అడవిలోకి దిగనేలేదు. యాత్ర ఫలం నాకు అప్పటికే దక్కింది. పై బెర్తెక్కి, ఎన్నో ఏళ్ల తర్వాత బావ మాటలు వింటూ పడుకున్నాను.