గాజులు తీసే చోటు

మా కాలేజీ డైరీ వెనక అట్ట మీద ఆడపిల్లల దుస్తుల నియమాలు అచ్చేసి ఉండేవి. చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులు, జడకి నల్ల రిబ్బను, ప్రార్థన రోజున తెల్లబట్టలు. పూలు, పట్టీలు, గాజులు కూడదు. విజయనగరంలో క్రైస్తవ కాలేజీ అది. మొదటి ఏడాది అవేవీ నాకు బరువనిపించలేదు. భోగాపురం అవతల సముద్రం ఒడ్డున చేపలమ్మే ఇంటి పిల్లకి పట్టీలెక్కడివి?

రెండో ఏడాది మేనత్త కొడుకుతో పెళ్లయింది. చదువు మానిపించకూడదని నేనొక షరతు పెట్టాను. అత్త ఒప్పుకుని తనూ ఒకటి పెట్టింది. బావ గుజరాత్ బోట్ల మీదికి చేపల వేటకెళ్లిపోయాడు. మగాడు వేటలో ఉన్నన్నాళ్లూ పెళ్లాం చేతి గాజులు తీయకూడదు. మా వీధిలో ఏ ఆడదీ తీయదు.

"సదువుకోయే, కాదనను. గాజులు మాత్రం తియ్యకు. ఆడు సంద్రం మీదున్నాడు," అంది అత్త.

గేటు దగ్గర నిలబడే మేడమ్ చెడ్డ మనిషేమీ కాదు. ఆవిడ చేతికీ గడియారం తప్ప ఏమీ ఉండేది కాదు. "దేవుని ముందు అందరూ ఒకటేనమ్మా. ఉన్న పిల్లా, లేని పిల్లా అని తేడా కనపడకూడదు," అని మెత్తగా చెప్పి, గాజులు తీసేదాకా అందరి ముందూ పక్కన నిలబెట్టేది. రెండుసార్లు నిలబడ్డాను. మూడోసారి ఇంటికి కబురంపుతానంది. ఇంటికి కబురు వెళ్తే నా చదువు అక్కడితో సరి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పటినుంచి రోజూ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి, కుళాయి దగ్గర చేతులు తడుపుకుని, గాజులు తీసి ఖాళీ పౌడరు డబ్బాలో పెట్టేదాన్ని. సాయంత్రం మళ్లీ అక్కడే తొడుక్కునేదాన్ని. సైన్సు చదువుతున్నాను, నాకా నమ్మకాలు లేవు. అయినా డబ్బా మూత పెడుతుంటే బావ గుర్తొచ్చేవాడు. ఛీ, ఏం బతుకిది అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

చివరి ఏడాది ప్రాక్టికల్స్ ముందర బావ ఫోను ఆగిపోయింది. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. అటువైపు గాలివానని టీవీలో చెప్పారు. అత్త అన్నం ముట్టడం మానేసి నా చేతులే చూస్తూ కూర్చుంది. ఐదో రోజు కెమిస్ట్రీ. గాజులతో వెళ్తే ల్యాబులోకి రానివ్వరు, వెళ్లకపోతే డిగ్రీ లేదు. కుళాయి దగ్గర చాలాసేపు నిలబడి, తీశాను. ల్యాబులో యాసిడ్ రెండుసార్లు ఒలికింది. బావకేమైనా అయితే నేనే చంపినట్టు. బుర్రలో అదొక్కటే.

సాయంత్రం గాజులేసుకుని ఇంటికెళ్లేసరికి గుమ్మం నిండా ఆడవాళ్లు. అయిపోయిందనుకున్నాను. అత్త మాత్రం ఏడుస్తూనే నవ్వుతోంది. ఫోన్లో బావ గొంతు. ఇంజను చెడి బోటు కొట్టుకుపోయిందట, మధ్యాహ్నం ఇంకో బోటువాళ్లు ఒడ్డుకి లాక్కొచ్చారట. బతికున్నాడు.

అత్త నా చెయ్యి పైకెత్తి పట్టుకుని ఫోన్లో చెప్పింది. "ఏటనుకున్నావురా, నీ పెళ్లాం గాజులు కదపనేదు. ఆ కాలేజీలో ఎవులెన్నన్నా కదపనేదు. అందుకే నువ్వు బతికినావు."

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే నా చేతులు కళ్లకద్దుకున్నారు. నిజం చెబితే ఆ గుమ్మంలో ఏమయ్యేదో నాకు తెలుసు.

అత్త అప్పటికే గాజులమ్మే మనిషికి కబురంపింది. ఆవిడ వచ్చి, పాతవి ఊడిరాకుండా వాటి ముందు, సబ్బు రాసి, ఎముకలు నొక్కి, చేతికి ఆరు చొప్పున కొత్త గాజులు ఎక్కించింది. పగలగొడితే తప్ప రానంత బిగువువి. మర్నాడు తొమ్మిదింటికి బోటనీ ప్రాక్టికల్.