మొహాల్లేని కాగితం

పాసయ్యాను! ఫస్ట్ క్లాసు, మా కాలేజీకే ఫస్టు! మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. పొద్దున ఫోన్లో రిజల్టు చూసి కేక వేస్తే, అమ్మ చేతిలో చేట పట్టుకుని వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"నీదేనా? మల్ల జూడు. వేరేటోళ్ళదేమో."

"నా హాల్ టికెట్ నంబరే అమ్మా!"

"అయితే ఇంకోపాలి జూడు."

మూడుసార్లు చూపించాను. ఆమెకు చదవడం రాదు. అయినా మూడుసార్లూ వంగి చూసింది.

ఆ సంతోషంలో ఉండగానే ముందుగది మూల నుంచి కాగితం కదిలిన చప్పుడైంది. ఇద్దరం ఒక్కసారి ఆగిపోయాం. ఇగువానా పక్కకు తిరిగింది, అంతే. కానీ అన్న పొద్దున్నే పేపరు తిరగేసే చప్పుడు కూడా అచ్చం అలాగే ఉండేది.

ఇగువానా అంటే అన్న తెచ్చిన పెంపుడు బల్లి. తోకతో కలిపి నాలుగడుగులు. బైకు మీద పార్సిళ్ళు డెలివరీ చేసేటప్పుడు, సైనిక్‌పురిలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరికైనా ఇచ్చేస్తానంటే, అట్టపెట్టెలో పెట్టి నేరేడ్‌మెట్‌లోని మా రెండు గదుల ఇంటికి తీసుకొచ్చాడు. బట్టల షాపు పాత షోకేసుకు జాలీ బిగించి దానికి ఇల్లు కట్టాడు. నేను పుస్తకం ముందు కునికితే, "చెల్లె, అగో, బల్లి సుత నిన్ను జూసి నవ్వుతున్నది" అనేవాడు. రెండేళ్ళ కింద డెంగీ జ్వరంతో ఐదు రోజుల్లో పోయాడు.

అన్న పరిచిన ప్లాస్టిక్ గడ్డి చాప చిరిగిపోయాక కింద ఏం వేయాలో నాకు తోచలేదు. పెట్‌షాపులో అమ్మే కొబ్బరి పొట్టు సంచీ ధర విని బయటికొచ్చేశాను. ఇల్లు కడుతున్న చోట ఇసుక అడిగి తెచ్చాను. పశువుల డాక్టరు తిట్టాడు, ఆకుతోపాటు మింగితే పేగుల్లో అడ్డం పడుతుందట. రంపపు పొట్టు వేస్తే రోజంతా తుమ్మింది. కొబ్బరిబోండాల బండి దగ్గర తెచ్చిన పీచుకు చీమలు పట్టాయి. చివరికి ఆ డాక్టరే చెప్పాడు: "ఎందుకంత పరేషాన్? పాత పేపర్లు పరుచు. రోజూ మార్చు. గంతే."

మారేడ్‌పల్లిలో పాత పేపర్ల దుకాణం నుంచి ఐదు కిలోల కట్ట తెచ్చాను. చవక, శుభ్రం. నాలుగు రోజులు హాయిగా గడిచింది. ఐదో రోజు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను పరుస్తున్న పేజీ నిండా శ్రద్ధాంజలి ఫొటోలు.

"సచ్చిపోయినోళ్ళ మొహాల మీద దాన్ని పండబెడ్తవా?"

"చూడలేదే."

"పిల్లగాని పేపరు ఎన్ని ఇండ్లల్ల పడి ఉంటది? అన్నీ గా రద్దీ పేపర్ల దుకాన్లకే గదా వచ్చేది?"

అప్పుడు గుర్తొచ్చింది. అన్న దోస్తులు చందాలేసుకుని పదకొండో రోజున అతని ఫొటో పేపర్లో వేయించారు. ఆ రోజు నుంచి అమ్మ నాకంటే ముందు కట్ట దగ్గర కూర్చుని, ఒక్కో పేజీ విప్పి, ఫొటోలున్నవన్నీ ఏరి పక్కన పెట్టేది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. "ఒక్కటి తప్పినా దీన్ని ఎవరికన్న ఇచ్చేస్త. నాతోని గాదు" అంది. అన్న చేత్తో తిండి తిన్న ప్రాణి మా ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఎలా ఇస్తాం?

ఒకటి తప్పింది.

పరీక్షల రోజుల్లో, అమ్మ నిద్ర లేవకముందే నేను తొందరగా పరిచేసి కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం తీసి మడవబోతుంటే అడుగువైపు అన్న ఉన్నాడు. ఎవరి పెళ్ళిలోనో దిగిన ఫొటో, పక్కవాళ్ళను కత్తిరించేశారు. రోజంతా బోర్లా పడుకుని, బల్లి కింద. మూలనున్న మరకను తడిబట్టతో తుడిచాను. న్యూస్‌ప్రింట్ కదా, తడికి చెంప చిరిగింది. వంటగదిలో అమ్మ గిన్నెలు కడుగుతోంది. ఆరబెట్టి రికార్డు పుస్తకంలో దాచాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మర్నాడే ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్ళాను. రీలు చివర మిగిలే తెల్లకాగితం కిలోల లెక్కన ఇస్తారు, పాత పేపర్ కంటే కొంచెమే ఎక్కువ. అచ్చు లేదు, మొహాలు లేవు. అమ్మ ఎందుకు మార్చావని అడగలేదు. చప్పుడు మాత్రం మారలేదు.

ఈ మధ్యాహ్నం కాలేజీ నుంచి మేడం ఫోన్ చేసింది. టాపర్ల ఫొటోలు పేపర్లో వేస్తారట, మంచిది ఒకటి వెంటనే పంపమంది. నేను అప్పటికే గ్యాలరీలో వెతుకుతున్నాను. పసుపు చుడీదార్‌ది బాగుంటుంది.

"వద్దు బిడ్డా" అంది అమ్మ.

"అమ్మా, ఇది మంచి వార్త!"

"మంచిదే. పేపర్ల మాత్రం నీ మొహం పడొద్దు." తర్వాత అడిగింది. "నిజం జెప్పు. ఆడు ఎప్పుడన్న వచ్చిండా, కట్టల?"

"రాలే అమ్మా."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను మేడంకు ఫోన్ చేసి, ఫొటో లేకుండా పేరొక్కటే వేయమన్నాను. ఆవిడ మూడుసార్లు ఎందుకని అడిగింది.

"పేపరెందుకు? నోటితోని చెప్పుకుందం" అని అమ్మ చాప వేసుకుని కూర్చుంది. "రాయి, ఎవలెవలికి చెయ్యాలె."

సిద్దిపేట మేనత్తకు.

అన్న దోస్తులకు, ముగ్గురికీ విడివిడిగా.

అమ్మ ఆయాగా పనిచేసే బడి పెద్ద మేడంకు.

పదో తరగతిలో లెక్కలు చెప్పిన సారుకు.

ఇంటి ఓనరమ్మకు, కిరాయి మాట ఎత్తకుండా.

చిన్నమామకు. ఆయన ఎత్తడు, అత్తకే చేయాలి.