నీలం బొమ్మ వెనక

టైపు మిషన్లు మూలపడ్డాక, టైపు టీచరమ్మ నెత్తిన ప్రోగ్రామింగ్ పాఠం పడింది. పాఠం ఆవిడకు కంఠతా వచ్చు గానీ, కంప్యూటరంటే మాత్రం నిద్రపోతున్న పాముతో సమానం. తడి లేకపోయినా చేతులు రుమాలుతో తుడుచుకుని, మౌసును రెండు వేళ్ళతో పట్టుకుని, తెర అంచున ఉన్న నీలం బొమ్మను రెండుసార్లు నొక్కుతుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఆ బొమ్మ తప్ప లోపలికి వేరే దారి ఆవిడకు తెలియదు.

ఇవాళ ఆ బొమ్మ లేదు. నిన్న దుమ్ము తుడుస్తూ తనే ఏదో నొక్కి ఉంటానని ఆవిడకు గట్టి అనుమానం. కాసేపట్లో పిల్లలొస్తారు, వాళ్ళ వెనకే ప్రిన్సిపాలూ వస్తాడు. ఇక ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ కూతురికి ఫోన్ చేసింది.

"కంగారుపడకమ్మా. పోయింది గుమ్మమే, ఇల్లు కాదు. కింద వెతికేచోట సాఫ్ట్‌వేర్ పేరు కొట్టు. వచ్చిందా? దాని మీద కుడి బటన్ నొక్కి, ఫైలు ఎక్కడుందో చూపించమను."

"మళ్ళీ బొమ్మే వచ్చిందే!"

"దాని మీదా అలాగే నొక్కు."

ఈసారి అసలు ఫోల్డరు తెరుచుకుంది. తెర నిండా చీమలబారుల్లా ఫైళ్ళు.

"దొరికిందా?"

"దొరికింది."

"హమ్మయ్య. మరి ఇంకా గొంతు వణుకుతోందేంటి?"

టీచరమ్మ మౌసు మీంచి చెయ్యి మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ ఆ ఒక్క బొమ్మ పోతుందనే భయపడ్డానే తల్లీ. పోగొట్టడానికి లోపల ఇన్ని ఉన్నాయని నాకు తెలీదు."