అక్క టుమిరి అంటే

పోయిన వారం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో అక్క ఇంటికి వెళ్లేసరికి అక్క కూతురు గిన్నె, చెంచా పట్టుకుని ఏడుస్తోంది. పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి తెచ్చాక అక్కకు మాట సరిగ్గా రావడం లేదు. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. రేపటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలన్నారట డాక్టరు. “పిన్నీ, మమ్మీ ఊరికే టుమిరి టుమిరి అంటోంది. దిమాగ్ పోయిందా?” అంది పిల్ల. ఆ మాట తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే.

నాన్న సైన్యంలో ఉండగా ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆదివారం వస్తే చాలు, ఇంటి చారు కోసం మొహం వాచిపోయిన తెలుగు జవాన్లను నాన్న చెప్పాపెట్టకుండా భోజనానికి వెంటబెట్టుకొచ్చేవారు. అమ్మ వండింది నలుగురికి, తినేది ఏడుగురు. వాళ్ల ముందు ‘అయిపోయింది’ అన్నామా, వాళ్లు వెళ్లాక మా వీపులు విమానం మోతే. అందుకని పదేళ్ల అక్కా, ఆరేళ్ల నేనూ ఒక భాష కనిపెట్టాం. అన్నం లోంబు, చారు జిజిరి, పెరుగు పప్పెల. గిన్నె ఖాళీ అయితే టుక్కుస. వంకాయకు మాట పెట్టలేదు, ఇద్దరికీ గిట్టదు కనుక. కడుపు నిండితే టుమిరి. ఆ మాట ఎప్పుడూ అక్కే ముందు అనేది, తన కంచంలోది నా కంచంలోకి తోసేది. “పెద్దదానిది పిట్ట తిండి” అని అమ్మ అందరికీ చెప్పుకునేది. నేనూ నమ్మాను, హాయిగా తిన్నాను.

“టుమిరి అంటే కడుపు నిండిందనమ్మా” అన్నాను. “దో దిన్ సే కుచ్ నహీ ఖాయా పిన్నీ, రెండు రోజులుగా ఏమీ తినందే నిండటమేంటి?” అంది పిల్ల. అక్క బాగున్న ఎడమ చేత్తో చెంచాను నా వైపే తోస్తోంది. అప్పుడు తెలిసింది. వంటింట్లోకి వెళ్లి కుక్కరు కుక్కరే తెచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టాను. “అక్కా, ఇదిగో చూడు, లోంబు నిండా ఉంది. నాన్న ఎవర్నీ తీసుకురాలేదు. నేను తినేశాను.” అక్క కుక్కరులోకి చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. మెత్తగా పిసికిన చారన్నం పిల్ల పెడుతుంటే గిన్నెడూ తింది.

పదేళ్ల పిల్ల దాచుకున్న ఆకలి నాకు తెలిసిరావడానికి యాభై నాలుగేళ్లు పట్టింది.