దాలయ్య మూడో చక్రం

హోప్ టౌన్ నుంచి షోల్ బే దాకా ఉన్న ఊళ్ళలో దాలయ్య అంటే ఎవరికీ తెలియదు. అక్కడి హిందీలో మచ్లీవాలా అంటే మాత్రం చంటిపిల్లలు కూడా దారి చూపిస్తారు. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన కుటుంబం. దాలయ్య పుట్టిందీ పెరిగిందీ హోప్ టౌన్‌లోనే. వయసులో కొన్నాళ్ళు చేపల వేటకు వెళ్ళాడు గాని, నీళ్ళ మీద మాట్లాడేందుకు మనుషులు దొరకరని విసుగెత్తి చేపలమ్మకంలోకి దిగాడు. పొద్దున్నే పానీఘాట్ జెట్టీ దగ్గర పడవలు ఒడ్డుకు చేరగానే బేరమాడి సరుకు తీసుకోవడం, ఐసు పెట్టెలో సర్ది మోటారు సైకిలు వెనక తాళ్ళతో బిగించడం, రబ్బరు హారన్ మోగించుకుంటూ బయల్దేరడం. ఈ తిరుగుడికి అతను పెట్టుకున్న పేరు లైను. లైనుకు వెళ్ళని రోజు అతనికి అన్నం సహించేది కాదు. ఇంట్లోవాళ్ళకి అతను సహించేవాడు కాదు.

ఆదివారాలు గిరాకీ ఎక్కువ కాబట్టి భార్య సుందరి కూడా వెళ్ళేది. అతనికీ ఐసు పెట్టెకీ మధ్య ఇరుక్కుని, కత్తిపీట సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చేపలు కోసి శుభ్రం చేసి ఇవ్వడం ఆమె పని. బండి మీద ఆమెకు అతను నేర్పిన చదువు ఒక్కటే. మలుపు దగ్గర తను ఎటు ఒరిగితే ఆమె కూడా అటే ఒరగాలి, సొంత తెలివి వాడకూడదు. సుందరికి సొంత తెలివి బాగానే ఉంది గాని బండి మీద మాత్రం ముప్ఫై ఏళ్ళుగా వాడలేదు.

కిందటి వానల్లో రైట్ మ్యో మలుపు దగ్గర తడిసిన ఆకుల మీద చక్రం జారింది. బండి, పెట్టె, ఐసు అన్నీ కలిసి దాలయ్య ఎడమ కాలి మీద పడ్డాయి. పెద్దాసుపత్రిలో కాలికి రాడ్డు వేశారు. కట్టు విప్పాక తేలిందేమిటంటే, ఆ కాలు గేరు తొక్కడానికి పనికొస్తుంది గాని బరువు మొయ్యడానికి పనికిరాదు. మోటారు సైకిలు వాడికి ఇది చిన్న సంగతి కాదు. నడుస్తున్నంతసేపు బండి తన్ను తానే మోసుకుంటుంది, ఆగినప్పుడు మాత్రం దాన్ని మనిషి ఎడమ కాలే మొయ్యాలి, కుడిది బ్రేకు మీద ఉంటుంది. చేపలమ్మేవాడు ప్రతి గుమ్మం ముందూ ఆగాల్సిందే.

డాక్టరు వద్దన్నా వినకుండా ఒక పొద్దున్న బయల్దేరాడు. మొదటి గుమ్మం దగ్గరే ఎడమ కాలు కింద పెట్టాడు, మోకాలు మడత పడింది, బండి ఒరిగింది, తారిణి చేపలన్నీ కాలవలో పడ్డాయి. ఆ రోజు హోప్ టౌన్ పిల్లులకు పండగ. రెండు రోజులు ఊరుకుని మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ పిల్లులకు పండగైంది. మూడోసారి అతను గుమ్మం దాటక ముందే పిల్లులు వెంట బయల్దేరాయట. ఇది మాత్రం సుందరి చెప్పే మాట, ఆమె కొంచెం కలిపి చెబుతుంది.

ఇక అతను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోళ్ళతో తగాదా, పక్కింటి టీవీ శబ్దంతో తగాదా, సాంబారుతో తగాదా. ఈలోగా హార్బరు అవతలి నుంచి ఎవరో పికప్ వ్యాన్ పెట్టి, మైకులో అరుస్తూ అతని లైనులోనే చేపలమ్మడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఆ మైకు వినబడగానే దాలయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయేవాడు. సుందరికి నిజంగా భయం వేసింది. తిట్టే మొగుణ్ణి ఆమె ఎప్పుడైనా భరించగలదు. తిట్టడం మానేసి గోడకేసి చూసే మొగుణ్ణి ఏం చెయ్యాలో తెలియలేదు. లైను పోతే ఈ మనిషి మిగలడని ఆమెకు రూఢిగా తోచింది.

కూతురు సుష్మ మొగుడు చక్రికి బ్యాంబూ ఫ్లాట్‌లో మెకానిక్ షెడ్డు ఉంది. వెనక చక్రం తీసేసి, ఇరుసు వేసి, అటొకటీ ఇటొకటీ రెండు చక్రాలు బిగించి, మధ్యలో తొట్టి పెడతానని అతనన్నాడు. ముందు భాగం అంతా అదే బండి, అదే ఇంజను, అదే హ్యాండిలు. కాగితాల సంగతి కూడా తనే చూసుకుంటానన్నాడు. దాలయ్య మండిపడ్డాడు. మూడు చక్రాల బండి చిన్నపిల్లలు తొక్కేదని, దానికంటే తనను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ పొమ్మని అన్నాడు. అల్లుడు లేచి బయటికి పోయాడు. సుందరి మాత్రం ఆ మధ్యాహ్నం మొగుడు నిద్రపోతుండగా అతని చొక్కా జేబులోంచి తాళం చెవి తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

బండి తిరిగొచ్చిన సాయంత్రం దాలయ్య దాని చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద తన చేతి రాపిడికి తెల్లబడిన చోటు అలాగే ఉంది. వెనక వైపు చూస్తే ఎవరిదో బండి. అయినా చెయ్యి ఊరుకోలేదు, ఎక్కాడు. ఇంతకాలం రెండు చక్రాల మీద నడిపినవాడు మూడు నడపలేడా అని అందరితో పాటు తనూ అనుకున్నాడు.

నడపలేకపోయాడు. బడి మైదానంలో తిన్నగా బాగానే వెళ్ళాడు. చివర ఎడమకి తిరగాలి. అలవాటు చొప్పున ఒళ్ళు ఎడమకి ఒరిగింది, ఎడమ చెయ్యి హ్యాండిలును ముందుకు నెట్టింది, ముందు చక్రం కాస్త కుడికి తిరిగింది. రెండు చక్రాల బండైతే అలా నెట్టగానే ఎడమకి ఒరిగి వయ్యారంగా తిరిగేది. మూడు చక్రాల బండి ఒరగదు గదా, హ్యాండిలు ఎటు తిరిగితే అటే పోతుంది. దాలయ్య మొత్తం ఎడమకి వాలి ఉండగానే బండి అతన్ని కుడికి తీసుకుపోయి కొబ్బరి డొక్కల కుప్పలో దింపింది.

"మావయ్యా, ఝుక్నా నహీ. ఒంగకు. రిక్షా మాఫిక్ హ్యాండిల్ తిప్పు, బస్," అన్నాడు చక్రి.

దాలయ్య తల ఊపాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ కుప్పలోకి. ఆపినప్పుడు మరో గండం. బండి ఆగగానే ఎడమ కాలు దానంతటది కిందికి దిగేది, ఇంకా దొర్లుతున్న వెనక చక్రం వచ్చి చెప్పు మీదికెక్కేది. పడని బండికి కాలు ఊతమివ్వక్కర్లేదని బుర్రకు తెలుసు, కాలికి తెలియదు. వారం తిరిగేసరికి మైదానం చుట్టూ జనం చేరసాగారు. చేపలు కొనడానికి కూడా అంతమంది ఎప్పుడూ వచ్చింది లేదు.

ఒక సాయంత్రం దాలయ్య కుప్పలోంచి లేచి, తాళం చెవి అల్లుడి మీదికి విసిరేసి, గట్టు మీద కూర్చున్నాడు. ఈ జన్మకింతే అన్నాడు. చక్రి తాళం చెవి వెతుక్కుంటుంటే సుందరికే దొరికింది. కనీసం బండినైనా డొక్కల్లోంచి బయటికి తెద్దామని ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. సైకిలు కూడా తొక్కని మనిషి. ఇది క్లచ్చు, ఇది గేరు అని అల్లుడు చూపించాడు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి బండి కదిలింది. మలుపు వచ్చింది, ఆమె హ్యాండిలు తిప్పింది, బండి తిరిగింది. మైదానమంతా చుట్టి మొగుడి ముందుకొచ్చి ఆగింది.

దాలయ్య కళ్ళప్పగించి చూశాడు. కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెండింటి కింద ఎక్కడో నవ్వు కూడా వచ్చింది గాని దాన్ని బయటికి రానివ్వలేదు. అత్తకు మర్చిపోవాల్సింది ఏమీ లేదు, అందుకే వచ్చేసింది అని చక్రి సర్దిచెప్పబోయాడు. సుందరి ఆ ఓదార్పులేవీ పట్టించుకోలేదు.

"ఎనక కూకో," అంది మొగుడితో.

అతను కూర్చున్నాడు. మొదటి మలుపులోనే అతని ఒళ్ళు ఒరిగింది.

"ఒరగకు. నిమ్మళంగా కూకో. నీ తెలివి వాడొద్దు," అంది సుందరి ముందుకే చూస్తూ.

అలా రోజూ సాయంత్రం వెనక కూర్చుని దాలయ్య తన అలవాటును వదిలించుకున్నాడు. ముందు కూర్చుంటే చేతులు ఆగవు, వెనకైతే వాటికి పని లేదు. ఒళ్ళు కొద్దికొద్దిగా నిటారుగా నిలబడింది. ఆమె చేతులు ఎలా తిరుగుతున్నాయో భుజం మీంచి చూశాడు. ఆమె కూనిరాగం తీయడం కూడా విన్నాడు. చివరికి ఒకనాడు తాళం చెవి అడిగి ముందు కూర్చుని, మైదానం చుట్టూ తిన్నగా తిరిగాడు. డొక్కల కుప్ప జోలికి పోలేదు. సుందరి చప్పట్లు కొట్టింది. తాళం చెవి ఇక అతని జేబులోనే ఉండిపోయింది.

మళ్ళీ లైనుకు వెళ్ళింది ఆదివారం నాడు. తొట్టిలో ఐసు పెట్టె, దాని ముందు బల్ల, బల్ల మీద కత్తిపీట సంచితో సుందరి. రైట్ మ్యో ఎత్తు దగ్గర రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటుంది. బండి కూడా వాలింది. పడిపోతున్నాననుకున్నాడు దాలయ్య, ఎడమ కాలు గాల్లోకి లేచింది. వెనక నుంచి సుందరి చెయ్యి వచ్చి అతని తొడ మీద గట్టిగా పడింది.

"కాలు తియ్యకు, మావా. పడం."

అతను కాలు తియ్యలేదు. బండి పడలేదు. ఎత్తు దాటి మొదటి ఇంటి ముందు ఆగి, భయపడుతూనే హారన్ నొక్కాడు. ఇన్ని నెలలు వ్యాన్ వాడి దగ్గర కొన్నవాళ్ళు వస్తారో రారో తెలియదు. ముందు పిల్లలొచ్చారు, చక్రాలు చూడటానికి. తర్వాత రాంచీ వైపు నుంచి వలస వచ్చిన ముసలమ్మ బుధనీ దీదీ గిన్నె పట్టుకుని వచ్చింది. వ్యాన్ వాడు చేపలు కొయ్యడనీ, మాట్లాడడనీ, తూచి పడేసి పోతాడనీ వాణ్ణి అరగంట తిట్టి, ఆ తర్వాతే కాలెలా ఉందని అడిగింది. దాలయ్య సీటు మీద నుంచి కదలకుండా అంతా విన్నాడు. కాలు కింద పెట్టే పని లేదు, నడుము మీద బరువు లేదు. ఆగిన బండి మీద అంత సుఖంగా కూర్చోవచ్చని అతనికి తెలియనే తెలియదు. మహా ఆనందమేసింది. ఆ ఆనందంలో ప్రతి గుమ్మం దగ్గరా కబుర్లు పెట్టుకుని, షోల్ బే చేరేసరికి మిట్టమధ్యాహ్నం చేశాడు. పెట్టె మాత్రం ఖాళీ అయింది.

తిరుగుదారిలో సుందరి అలిసిపోయిందనుకున్నాడు. మలుపు దగ్గర అద్దంలో చూస్తే, ఆమె రెండు చేతులూ ఒళ్ళో ఉన్న సంచి మీద పిడికిళ్ళు పట్టి ఉన్నాయి. అతను హ్యాండిలు ఎడమకి తిప్పినప్పుడు ఆ పిడికిళ్ళూ ఎడమకి తిరిగాయి. తర్వాతి మలుపులో కుడికి. లేని హ్యాండిలును పట్టుకుని ఆమె దారంతా నడుపుతోంది. తన లైను తనకొచ్చిందన్న సంబరంలో ఆమె దగ్గర్నుంచి ఏం తీసుకున్నాడో అతనికి అప్పుడు తెలిసింది. బండి పక్కకు తీసి ఆపాడు.

"ఇకనుంచి ఎల్లీటప్పుడు నాను, వచ్చీటప్పుడు నువ్వు," అన్నాడు. వెంటనే గుర్తొచ్చి, "లైసెన్సు లేదు గదేటి నీకు," అని నాలిక్కరుచుకున్నాడు.

సుందరి కత్తిపీట సంచిలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఎర్ర అక్షరంతో కొత్తగా మెరుస్తున్న ఎల్ బోర్డు తీసింది. పోయిన వారమే అల్లుణ్ణి తీసుకుని లైసెన్సు ఆఫీసుకి పోయి లర్నర్స్ రాయించుకుందట.

"మరి సెప్పలేదేటి?"

"నీ లైను నీ సేతికొచ్చినాక అడుగుదారనుకున్నాను," అంది సుందరి.

దాలయ్య దిగి, కాలు ఈడ్చుకుంటూ ముందుకు వెళ్ళి, పెట్టె తాడు ముక్కతో ఆ బోర్డును హెడ్‌లైటు కింద కట్టాడు. ముడి వదులుగా ఉందని సుందరి దాన్ని విప్పి మళ్ళీ కట్టింది.