తెల్లదోమ గోడ మీది లావు అక్షరాలు

ఎనభైల మధ్యలో పర్చూరు మిషన్ బళ్ళో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సు దిగిన రోజే ఆ అక్షరాలు చూశాను. బస్టాండు ఎదురుగోడ మీద, పురుగుమందుల కొట్టు మీద, సోడా బండి మీద, లారీ వెనక తలుపు మీద, ఎక్కడ చూసినా అవే. లావుపాటి అక్షరాలు. పైన ఎరుపు, కిందికొచ్చేసరికి పసుపు, కుడిపక్కన నల్లటి నీడ. సున్నాలు పూర్ణంబూరెల్లా ఉండేవి. తలకట్టు చూస్తే తొడిమతో సహా పండు మిరపకాయే. పైగా ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకం. "ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును!" అని ఉంటే, ఇందులో అంత ఆశ్చర్యం ఏముందా అని నవ్వుకునేదాన్ని.

ట్రైనింగులో నా చేతిరాతకి బహుమతి వచ్చింది. అందుకని అక్షరాల విషయంలో నాకు కొంచెం పొగరు. అక్షరం సన్నగా, అణకువగా ఉండాలని నా నమ్మకం. ఈ అక్షరాలేమో పెళ్ళిభోజనం చేసి అరుగు మీద కూలబడ్డ పెద్దమనుషుల్లా ఉండేవి.

అవన్నీ రాసేది ఊళ్ళో ఒక్కడే పెయింటరు. యాభై దాటిన మనిషి, చొక్కా నిండా రంగుల మరకలు, చెవి వెనక చాక్‌పీసు. ఒకసారి పని మీద పొదిలి వెళ్తూ బస్సు కిటికీలోంచి చూస్తే దారి పొడుగునా అవే అక్షరాలు. కొన్ని ఆయనవి, మిగతావి ఆయన్ని చూసి రాసినవాళ్ళవి.

ఆ ఏడు మా చర్చికి సున్నం వేయించారు. లోపల, ప్రసంగం చేసే చోటు వెనక గోడ మీద ఒక బైబిలు వాక్యం రాయించాలని పాస్టరు గారు అన్నారు. పెయింటర్ని పిలిచారు. నేను వెంటనే అడ్డుపడ్డాను.

"అయ్యగారూ, ఆయన రాస్తే చర్చి పురుగుమందుల కొట్టులా ఉంటుందండీ. అక్షరాలు నేను గీసిస్తాను, అలాగే రాయమనండి" అన్నాను.

పాస్టరు గారు మొహమాటస్తుడు, సరేనన్నారు. రెండు రోజులు కూర్చుని పెద్ద కాగితం మీద గీశాను. సన్నటి గీతలు, లేత నీలం రంగు. పెయింటరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చాలా బాగుందండీ టీచరమ్మగారూ. గోడకే కొంచెం నాజూకు ఎక్కువేమో" అన్నాడు. కానీ మారుమాట లేకుండా అచ్చం నేను గీసినట్టే రాశాడు.

ఆదివారం అందరూ ఆ గోడ చూసి బాగుందన్నారు. ఏం రాసుందో మాత్రం ఎవరూ అనలేదు. ప్రార్థన అయ్యాక ఒక అవ్వ నా దగ్గరికొచ్చింది. మిరప కోతలకీ పత్తి తీతకీ కూలికెళ్ళే మనిషి, ఎప్పుడూ చివరి వరసలో కూర్చుంటుంది.

"ఏం టీచరమ్మా, గోడ మీద ఏందో గీశారంట. ఏందది?"

"వాక్యం అవ్వా. నీకు చదువు రాదుగా, నేను చదివి చెప్తాను."

"రాదని ఎవరన్నారు?" అంది అవ్వ గట్టిగా. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. చర్చికి నాలుగడుగుల దూరంలో, కూలీలు పొద్దున్నే ట్రాక్టరు కోసం నిలబడే చోట, పురుగుమందు ప్రకటన గోడ ఉంది. అవ్వ దాని ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది.

"తె... ల్ల... దో... మ... కు. తెల్లదోమకు. ఇ... క. సె... ల... వు. దాని మొహం మండ, అది సెలవు తీసుకుంటే కదా! పత్తంతా నాశనం చేసింది."

"నీకు ఎవరు నేర్పారవ్వా?"

"ఎవరు నేర్పుతారు? రోజూ ట్రాక్టరు వచ్చేదాకా ఇక్కడ నిలబడాలిగా. పక్కన పంక్చర్లు వేసే అబ్బాయిని రోజుకో అక్షరం అడిగాను. రెండు కోతలు పట్టింది. ఇదిగో, ఈ చివర కర్రా, కింద చుక్కా ఉంది చూడు, ఇదొక్కటే ఏం అక్షరమో వాడికీ తెలవదు."

"మరి చర్చి గోడ ఎందుకు చదవలేదు?"

"అవి అక్షరాలని నాకేం తెలుసు? చీమలు పాకినట్టున్నాయి."

ఆ మాట నాకు రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు. మూడో రోజు బడి వదలగానే పెయింటరు ఇంటికెళ్ళాను. జరిగింది చెప్పి, "మీ అక్షరాలతోనే మళ్ళీ రాయండి" అన్నాను. ఆయన దెప్పలేదు. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

"నాకూ మొదట్లో సన్నంగానే వచ్చేదండీ. ఒక్క వానకే సున్నంతో పాటు ఊడిపోయేది. లావుగా రాస్తే కొంత ఊడినా కొంత మిగిలి, మాట బతుకుతుంది. నీడ వేస్తే పోయే బస్సులోంచి కూడా కనబడుతుంది. నేను చదివింది రెండో తరగతండీ. నాబోటివాడికి అక్షరం ఎదురొచ్చి పలకరించాలి, మనం వెతుక్కుంటూ వెళ్ళకూడదు."

మర్నాడు ఆయన రాస్తుంటే నేను కింద నిలబడి చూశాను. నీలిమందులో తడిపిన దారం గోడకి అడ్డంగా పట్టి ఒక్కసారి లాగి వదిలాడు. తిన్నని గీత పడింది. తర్వాత కొలత లేదు, చెరపడం లేదు. కుంచె ఒక్క తిప్పు తిప్పితే సున్నా, ఇంకో విసురుకి తలకట్టు. ఏ అక్షరమూ పక్కదాన్ని తొయ్యలేదు, ఏదీ ఖాళీగా వేలాడలేదు. నేను రెండు రోజులు రబ్బరు అరగదీసి సాధించలేని పొందిక ఆయన చేతిలో ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా వచ్చింది. ఇన్నాళ్ళూ దేన్ని చూసి నవ్వానో తలుచుకుంటే సిగ్గేసింది.

చివర్లో అలవాటుకొద్దీ ఆశ్చర్యార్థకం పెట్టేశాడు. పాస్టరు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఇదెందుకండీ?" అన్నారు.

"వాక్యానికి బలమండీ" అన్నాడు పెయింటరు. పాస్టరు గారు ఇంకోసారి గోడ వంక చూసి, ఉండనివ్వమన్నారు.

ఆ ఆదివారం పాట మొదలుకాకముందే చివరి వరసలోంచి అవ్వ గొంతు ఖంగున వినిపించింది. "కా... ప... రి. కాపరి!" అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా తర్వాతి మాట మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా పాస్టరు గారు పాట ఎత్తలేదు.

వేసవి సెలవుల్లో హెడ్మాస్టరు గారిని ఒప్పించి, నా తరగతి గోడ మీద అ నుంచి ఱ దాకా పెయింటరుతోనే రాయించాను. బడి తెరిచాక పిల్లలు వాటిని చూసి తెగ మురిసిపోయారు. నెల తిరక్కుండా నా తరగతిలో అందరి రాతా లావెక్కింది. పెన్సిళ్ళు నీడలకే అయిపోతున్నాయని తల్లులు నా మీదికి వచ్చారు. మూడు నెలల పరీక్షలో ఒక పిల్ల ఐదు ప్రశ్నలకి ఒక్కదానికే జవాబు రాసింది. ప్రతి అక్షరానికీ నల్లటి నీడ, లోపల సన్నటి మెరుపు గీత. ఏమ్మా ఇదని అడిగితే, "టైము చాల్లేదు టీచర్, రంగులు కూడా వేద్దామనుకున్నా" అంది. ఆ ఒక్క జవాబుకి ఉన్న మార్కులన్నీ వేసి, పేపరు నా దగ్గరే దాచుకున్నాను.