చక్రం మీద చెయ్యి

మా సరంగు బాబాయి పోయాడు. మొన్న ఉదయం ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్తుంటే, క్యాంటీన్ దగ్గర జీపు డ్రైవర్ టీ ఊదుకుంటూ, "సిస్టర్, సరంగు గుజర్ గయా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. టీ తాగుతూ చెప్పే కబురా అది! తర్వాత అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. పక్క క్వార్టరు. శ్రీకాకుళం తీరంలో సరంగుగా చేపల పడవలు నడిపిన మనిషి, ఈ బస్తర్ కొండల్లోకి పడవ నడపడానికే వచ్చాడు. గనిలో ఖనిజం కడిగిన ఎర్రనీళ్ళు కిందికి పారకుండా కట్ట వేస్తే అదొక పెద్ద చెరువైంది. అవతలి ఊరికి వెళ్ళే దారి ఆ నీళ్ళలో మునిగిపోయింది. అప్పటినుంచి వాళ్ళు సంతకి రావాలన్నా, ఆసుపత్రికి రావాలన్నా బాబాయి పడవే దిక్కు. పిల్లలకి టీకాలు వెయ్యడానికి నేనూ అందులోనే వెళ్ళేదాన్ని.

పడవ తియ్యబోయే ముందు భుజం మీది తువ్వాలుతో స్టీరింగు చక్రాన్ని శుభ్రంగా తుడిచేవాడు. ఎవరైనా అంచు మీద కూర్చుంటే ఊరంతా వినపడేలా తిట్టేవాడు. పుట్టి పెరిగింది చేపల మీదే కదా, ఆ చెరువులో మాత్రం ఏనాడూ గాలం వెయ్యలేదు. "నీరనుకుంతన్నావేటమ్మా ఇది? ఇనుము కడిగిన కడుగు" అనేవాడు.

ఆ చక్రం మహా మొండిది. దాన్ని తిప్పితే ఒక ఇనుప వైరు వెనకాల ఉన్న చుక్కానిని లాగుతుంది. ఏళ్ళ తరబడి అలా తిప్పీ తిప్పీ ఆయన కుడి భుజం పాడైంది. చలికాలం మంచులో దిక్సూచి ముల్లు చూసుకుంటూ తిన్నగా పోకపోతే పడవ బురదమేటలో దిగబడిపోతుంది. చెయ్యి పట్టు తప్పుతోందని తెలిసి ఆఫీసువాళ్ళు తేల్చి చెప్పేశారు: దానంతట అదే దారి పట్టే యంత్రం పెట్టించుకో, లేదా పడవ ఆపెయ్యి.

యంత్రాలు రెండు రకాలు చూపించారు. ఒకటి చక్రానికే బిగించే మోటారు, ఒక్క పూటలో పని అయిపోతుంది. రెండోది చుక్కానినే నేరుగా పట్టి తిప్పే రాడ్డు. దానికి పడవని ఒడ్డుకెక్కించి, వెనక చెక్క కోసి, ఇనుప రేకు వెయ్యాలి. చాలా రోజులు పడుతుంది.

"మొదటిది పెట్టించు బాబాయ్, నీకెందుకీ తంటా?" అన్నాను.

"అది లాగేది ఈ ముసిలి వైరునే గదమ్మా. వైరు తెగితే మోటారేటి సేస్తాది, చక్రమేటి సేస్తాది? రెండోదైతే వైరు పోయినా సుక్కాని నిలబడతాది. మీట తీస్తే మళ్ళీ మన సేతికొచ్చీసేలాగుండాల, అంతే."

"పడవ లేకపోతే జనం ఏమైపోతారు?"

"మిరపకోతలకి ఊరు కాళీ అయిపోద్ది గదా, అప్పుడు సేయిద్దాం."

నిజమే, ఏటా ఆ రోజుల్లో అవతలి ఊరు ఊరంతా తెలంగాణకి మిరపకాయలు కొయ్యడానికి వెళ్ళిపోతుంది. ఎక్కేవాళ్ళు ఉండరు కాబట్టి అదే మంచి సమయమనుకున్నాం అందరం. కోతలకి వెళ్ళలేక ఇంట్లో ఉండిపోయేది ఎవరో మా బుర్రలకి తట్టలేదు.

ఉండిపోయింది ఒక నిండు చూలాలు. తెలుగు మాట్లాడే బాసగూడ వైపునుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక అవ్వ కూతురు. పడవ ఒడ్డు మీద వెనకభాగం విప్పుకుని ఉండగా ఆ పిల్లకి నొప్పులొచ్చాయి. మంచం మొయ్యడానికి ఊళ్ళో మగాళ్ళు లేరు. ఇద్దరు ముసలాళ్ళు, అవ్వా కలిసి చెరువు చుట్టూ మోసుకొస్తుంటే, కబురంది నేను జీపు పోగలిగినంత దూరం ఎదురెళ్ళాను. అప్పటికే మంచం నిండా రక్తం. తల్లీ దక్కలేదు, లోపలి బిడ్డా దక్కలేదు. ఇన్నేళ్ళ నర్సు బతుకులో అంత చేతకానిదాన్నని నాకెప్పుడూ అనిపించలేదు.

యంత్రం బిగించాక ఇంకో చిక్కు వచ్చింది. చెయ్యి పట్టని పడవ మేం ఎక్కం అన్నారు ఊరివాళ్ళు. యంత్రం ఎంత బాగా నడిపినా సరే, చక్రం మీద మనిషి చెయ్యి ఉండాల్సిందే. బాబాయి వాదించలేదు. ఎడమ చెయ్యి చక్రం మీద పెట్టుకుని కూర్చునేవాడు. చుక్కాని కదిలితే ఆ అరచేతి కింద చక్రం దానంతట అదే తిరిగేది. అవ్వ మాత్రం ఎక్కలేదు. సంతకి రావాలన్నా పూటంతా చెరువు చుట్టూ నడిచే వచ్చేది. రేవు దాటుతున్నప్పుడు పడవ వంక చూసేది కాదు.

మళ్ళీ చలికాలం వచ్చాక, దట్టమైన మంచులో, చెరువు నడుమ వైరు తెగింది. చక్రం గిర్రున తిరిగి వదులైపోయింది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. యంత్రం చుక్కానిని వదల్లేదు, తిన్నగా రేవుకి చేర్చింది. దిగాక, "నువ్వన్నదే నిజమైంది బాబాయ్, ఇంతమందిని బతికించావు" అన్నాను.

"ఆ మాట అనకమ్మా. ఈలు బతికినారు సరే, ఆ పిల్ల సావు సావు కాకుండా పోద్దా?" అన్నాడు. చక్రానికి కొత్త వైరు వేయించాడు గానీ, మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. తర్వాత తిండి తగ్గింది, దగ్గు పెరిగింది. మంచం పట్టి, పడవ రేవులో ఆగిపోయాక కూడా ఆయన అడిగిందొక్కటే: అవ్వ ఎప్పటికైనా పడవెక్కుతుందా? ఎక్కదని చెప్పలేక నేను మాట మార్చేదాన్ని.

దహనానికి అవతలి ఊరివాళ్ళంతా చెరువు చుట్టూ నడిచొచ్చారు. అవ్వ కూడా వచ్చింది. సాయంత్రం తిరిగి వెళ్ళడానికి ఆఫీసు పంపిన కొత్తవాడు ఇంజన్ స్టార్ట్ చేసి, యంత్రం మీట వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరూ కదల్లేదు. వాడిని చక్రం పట్టుకోమని చెప్పే ఓపిక కూడా లేక, నన్ను చూసైనా ఎక్కుతారేమోనని నేను ఒక్కదాన్నే ఎక్కి కూర్చున్నాను.

అప్పుడు అవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఏందట్ల నిలబడ్డరు? నా బిడ్డ గీ పడవ కోసమే ఎదురుజూసింది. ఇంగెవ్వరికీ ఇది ఆగొద్దు. ఎక్కుండ్రి."

పడవలోకి దిగి, నేరుగా పోయి బాబాయి బల్ల మీద కూర్చుంది. కొంగు సర్దుకుని చక్రం మీద చెయ్యి పెట్టింది. అందరూ ఎక్కారు. పడవ కదిలింది. అరచేతి కింద చక్రం తిరగ్గానే అవ్వ ఉలిక్కిపడింది గానీ చెయ్యి తియ్యలేదు. చెరువు చుట్టూ తను బిడ్డని మోసుకొచ్చిన దారి వంకే చూస్తూ, అవతలి ఒడ్డు వచ్చేదాకా అలాగే కూర్చుంది.